రేకులమ్మకు చింతపండు తగలనివ్వరు

బీడు చుట్టూ ఏడు గుర్తులూ తిరిగి, కాళ్లకు పల్లేరుకాయలు గుచ్చుకుని ఇక్కడిదాకా వచ్చారు కదా. కొబ్బరికాయ తరువాత కొడుదురుగాని, ముందు చెప్పండి: ఏం చూశారు?

రేకులకొండ అమ్మవారి గడప దగ్గర ప్రతి భక్తుడినీ అడిగే మాట ఇదే. చెప్పనివారికి తీర్థం ఇవ్వరు. లోపల విగ్రహం ఉండదు. చిలుముతో పచ్చబడిన జానెడు రాగిరేకే అమ్మవారు. దాన్ని తోమరు. కొండ మీదికి చింతపండు రానివ్వరు, పులిహోర నైవేద్యం అసలే లేదు. కొత్తవారు చూసి, ఇంత మురికేమిటని ముక్కు విరుస్తారు. విరిచేముందు కథ వినాలి.

పూర్వం ఇక్కడ గొల్లలు ఒంగోలు జాతి పశువులను మేపుకునేవారు. ఈ బీడును వారికి మేతభూమిగా ఇస్తూ ఒక రాజు రాగిరేకు మీద శాసనం చెక్కించాడు. చదువు రానివారు దాన్ని ఏం చేస్తారు? దేవత అని మొక్కారు. పసుపు పూశారు. ఏటా జాతరకు చింతపండుతో తళతళలాడేలా తోమారు. తరతరాలుగా తోమారు. చివరికి ఆ పని బయ్యమ్మ అనే కోడలి చేతికి వచ్చింది. తనలా తోమేవారు లేరని ఆమెకు కాస్త గర్వం కూడా.

తెల్లదొరల కాలంలో, ఇనాం భూములకు ఆధారాలు చూపమంటూ ఒక అధికారి రాతపని చేసే రాయసగాడిని వెంటబెట్టుకొని వచ్చి, పశువుల దొడ్డిలోనే కచేరీ పెట్టాడు. ఆధారం లేకపోతే బీడు పక్క ఎస్టేటులో కలిసిపోతుంది, మందకు గడ్డిపరక మిగలదు. బయ్యమ్మ పట్టుగుడ్డ విప్పి రేకు అందించింది.

రాయసగాడు అటూ ఇటూ తిప్పాడు. "మొహం చూసుకోవడానికి దివ్యంగా ఉంది. అక్షరం ఏదమ్మా?"

మామ పెదకాటయ్య నెత్తి కొట్టుకున్నాడు. "నీవి చేతులు కావే, ఆకురాళ్లు!"

బయ్యమ్మ ఊరి బతుకును తన చేతులతోనే తుడిచేసింది. తరువాత కొంగు బిగించి లేచింది.

"అయ్యా, ముసలావును వదులుతాను. వెంట నడవండి. చూసింది చూసినట్టు రాసుకోండి."

"ఆవు సాక్ష్యమా? ఇది కచేరీ అమ్మా, దొడ్డి కాదు!" అన్నాడు రాయసగాడు.

"దొడ్డిలోనే కూర్చున్నారు కదండీ!"

అధికారి నవ్వి లేచాడు. ఆవు బీడు అంచునే నడిచింది. అది ఆగిన మొదటి చోట, రెండో చోట, పొదల్లో ఇనాం గుర్తుగా సూర్యచంద్రులు చెక్కిన హద్దురాళ్లు బయటపడ్డాయి. మూడో చోట మాత్రం ఏటికి ఇంకా నలభై బారలు ఉండగానే ఆవు నిలిచిపోయింది. అక్కడ ముళ్లకంప తప్ప ఏమీ లేదు.

"అదిలించవే! ఏటిదాకా మనదే అందాం, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు మామ గుసగుసగా.

బయ్యమ్మ కర్ర ఎత్తలేదు. "దాని తల్లి ఇక్కడే మళ్లేది మామా, ఇదీ ఇక్కడే మళ్లుతుంది. ఒకసారి చెరిపింది చాలు."

కంప కొట్టించారు. బతికున్నవారెవరూ ఎన్నడూ చూడని రాయి, సూర్యచంద్రులతో, అడుగున ఉంది. రాయసగాడు కలం తీశాడు. సాయంత్రానికి ఏడు గుర్తులూ కాగితం మీదికి ఎక్కాయి, బీడు గొల్లలకే నిలిచింది. ఆవును అమ్మ నడిపిందంటారు కొందరు, అలవాటు నడిపిందంటారు కొందరు. బయ్యమ్మ మాత్రం ఆ రోజు నుంచి రేకును తోమలేదు.

ఆ కాగితాల్లో చెదలు తిన్నవి పోగా నాలుగు పుటలే జిల్లా కచేరీలో మిగిలాయి. మూడో గుర్తు రాసిన పుట లేదు. అందుకే ఇక్కడ ప్రతి ఒక్కరినీ నడిపిస్తారు, ప్రతి ఒక్కరినీ అడుగుతారు. చూసింది చూసినట్టు చెప్పినవారి ఇంట పాడి తరగదని నమ్మకం. ఈమధ్య ఏటివైపు కొత్తగా ఇనుపకంచె లేచింది. మీరు ఆ దారినే వచ్చారు.

మూడో రాయి కంచెకు ఇవతల ఉందా, అవతల ఉందా?