చలికి వణికిన చిలక

అనగనగా ఒక రాజుగారు. ఆయన మీసాలు ఎంత పొడవంటే, ఆయన కొలువుకు వస్తుంటే కుడి మీసాన్ని ఒక భటుడు, ఎడమ మీసాన్ని ఒక భటుడు భుజాన వేసుకుని మోసుకొచ్చేవాళ్లు. తగ్గించి చెబితేనే ఇంత.

ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విజయకేతు కత్తి తిప్పితే గాలి రెండు ముక్కలయ్యేది. నడిపివాడు జయకేతు బాణం వేస్తే అది వారం రోజులపాటు పోతూనే ఉండేది. మూడోవాడు మణికేతు మాత్రం కత్తి పడితే తన వేలే కోసుకునేవాడు. బాణం వేస్తే తన కాలిమీదే పడేది. రాజుగారు తలపట్టుకుని, "పోయి పిల్లలకు అక్షరాలు చెప్పుకో నాయనా" అని కోట వెనక బడి ఒకటి అప్పగించాడు.

మణికేతుకు ఏనుగెక్కినంత సంబరమైంది. బడిలో ముప్పైమంది పిల్లలు, ముప్పై పిడుగులు. పొద్దున్నే ఒక్కొక్కరూ ఇంటినుంచి ఒక్కో ఎండుపుల్ల తెచ్చేవారు. ఆ పుల్లలతో పొయ్యి రాజేసి, మణికేతు తన చేత్తో గంజి కాచి పోసేవాడు. గంజి తాగాకే చదువు.

ఇలా ఉండగా ఒక పుష్యమాసంలో జనం పొద్దున లేచి చూస్తే తూర్పు అడవి లేదు! మర్నాడు పడమటి అడవి లేదు. ఆ మర్నాడు కొండల కడుపులో ఉండే నల్లబొగ్గు లేదు. తడితే కొండలు ఖాళీ కుండల్లా ఖంగుమన్నాయి. ఏడు సముద్రాల అవతల ఉండే ధూమకేశుడనే మాంత్రికుడు మంత్రం వేసి అన్నీ లాక్కుపోతున్నాడని తెలిసింది. విజయకేతు కత్తి దూసి వెళ్లాడు. తిరిగి రాలేదు. జయకేతు విల్లు పట్టుకుని వెళ్లాడు. అతనూ రాలేదు.

చలి ముదిరింది. బడిలో ముప్పైమంది పళ్లు ఒక్కసారి టకటకలాడితే, యుద్ధభేరి మోగుతోందనుకుని పక్కరాజ్యం వాళ్లు కోటతలుపులు మూసుకున్నారు. పొయ్యిలో పిల్లి పడుకుంది. పిల్లలు నానబెట్టిన బియ్యం నమిలి, కొంకర్లు పోయిన వేళ్లతో అక్షరాలు దిద్దుతున్నారు.

ఒకనాడు ఆరేళ్ల అచ్చి వచ్చి, పరికిణీ చాటునుంచి ఒక కొయ్యబొమ్మ తీసి పొయ్యి దగ్గర పెట్టింది.

"ఇదేమిటమ్మా?" అన్నాడు మణికేతు.

"మా ఇంట్లో పుల్లల్లేవు పంతులుగారూ. ఇదీ కొయ్యే కదా. తొందరగా కాల్చెయ్యండి. నేను అటు తిరిగి కూర్చుంటా."

మణికేతు బొమ్మను మళ్లీ ఆ పిల్ల చేతుల్లోనే పెట్టి, "పొయ్యిలోకి పుల్లలు నేను తెస్తాను తల్లీ. ఏడు సముద్రాల అవతలికి వెళ్లయినా సరే" అన్నాడు.

"మీకు కత్తి పట్టుకోవడమే రాదుగా!" అన్నారు పిల్లలందరూ ఏకకంఠంతో.

"రాదు. వెళ్లాక చూద్దాం" అని బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంది. దాని వీపుమీద మూడు ఊళ్లు వెలిశాయి. బుధవారం బుధవారం సంత కూడా జరిగేది. "ఎక్కు మనవడా, మూడూళ్లు మోసేదాన్ని, నువ్వో లెక్కా!" అంది తాబేలు. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం మణికేతు ముక్కు మూసుకుని దాటాడు. నేతి సముద్రం చలికి పేరుకుపోయి ఉంటే, తాబేలు దానిమీద నడిచే వెళ్లింది! పెరుగు, పాలు, మంచినీళ్లు, అన్నీ దాటించి ఒడ్డున దించి ఒక మాట చెప్పింది.

"వాడి ప్రాణం వాడిలో లేదు మనవడా. ఒక చిలకలో ఉంది. ఆ చిలక ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నువ్వు మాత్రం కత్తి తియ్యకు."

"నా దగ్గర కత్తే లేదు అవ్వా."

"అయితే బతికావు."

అక్కడ ఏడంతస్తుల ఇనుపకోట, దానికి నూరు పొగగొట్టాలు. గుమ్మానికి అటొకటి, ఇటొకటి రాతి దీపస్తంభాలు. చూస్తే అవి విజయకేతు, జయకేతు! ధూమకేశుడు ఏడు గొంగళ్లు కప్పుకుని, ఖళ్లుఖళ్లున దగ్గుతూ బయటికొచ్చాడు.

"ఎవడ్రా నువ్వు?"

"బడిపంతుల్నండి. మా పిల్లల పొయ్యిలోకి పుల్లలు లేవు. మీరు మా అడవులు లాక్కోవడం మానాలంటే ఏం చెయ్యాలో చెప్పండి."

మాంత్రికుడు నవ్వాడు. నవ్వి దగ్గాడు. "నా కోటలో మూడు పనులు అడవుల్ని మింగుతున్నాయి. నిప్పులు మేసే ఇనుప ఎద్దులు నా తిరగలి తిప్పాలి. అవే ఏడో అంతస్తుకు నీళ్లు తోడాలి. ఆపైన నాకు అన్నం ఉడకాలి. ఒక్క పుల్ల కాల్చకుండా ఈ మూడూ చేశావా, అడిగింది ఇస్తా. చెయ్యలేదా, మూడో దీపస్తంభానివి నువ్వే!"

మణికేతు చతికిలబడ్డాడు. కోట పక్కన జలపాతం హోరుమంటోంది. తుంపరలు వచ్చి పంచె తడిసింది. తడవగానే ఒక సంగతి గుర్తొచ్చింది. కిందటి వానాకాలం పిల్లలు బడి ముందు కాలవలో తాటాకు గిరక పెట్టి, అది గిర్రున తిరిగి పంతులుగారి పంచెనిండా బురద చిమ్మితే, కింద పడి దొర్లి మరీ నవ్వారు. ఆ రోజు అందరి చెవులూ మెలిపెట్టాడు. "అయ్యో, అది అల్లరి కాదర్రా, చదువు!" అని లేచి, కూలిన తాటిమానులతో తాటిచెట్టంత చక్రం చేసి జలపాతం కింద నిలబెట్టాడు. తిరగలి తిరిగింది చూడండీ, ఆ పిండి ఎగిరి నల్లకాకులన్నీ మూడు రోజులు కొంగల్లా తిరిగాయి.

రెండో పనికి గాలిని పిలిచాడు. చేతిలో గిరక పట్టుకుని గాలికి ఎదురు పరుగెత్తని పిల్లలుంటారా? అలాంటి గిరకే తాబేలు మీది జనం దుప్పట్లతో కట్టి, దానికి కడవల గొలుసు తగిలించాడు. నీళ్లు తమంతట తామే ఏడో అంతస్తెక్కి, ఎనిమిదో అంతస్తు ఎక్కడుందని అడిగాయి.

మూడోది అన్నం. పాఠం మధ్యలో ఇత్తడి పళ్లెం మీద ఎండ పట్టి పంతులుగారి కళ్లలో కొట్టడం అచ్చికి సరదా. మణికేతు మూడూళ్లలోంచి వెయ్యిన్నొక్క పళ్లెం అరువు తెచ్చి, అన్నిటి వెలుగూ ఒక్క గుండిగ మీదికి తిప్పాడు. గుండిగ తరవాత గుండిగ కుతకుతా పొంగలి ఉడికింది.

అయినా ఒక్క పొగగొట్టం మాత్రం ఇంకా పొగ కక్కుతూనే ఉంది.

"అదెందుకండీ?" అన్నాడు మణికేతు.

మాంత్రికుడి మొహం మాడిపోయింది. "అది అడక్కు. ఇంకేదైనా అడుగు. అడవులు మాత్రం ఇవ్వను" అని పొంగలి ముందు కూర్చున్నాడు.

వడ్డిస్తున్న అమ్మాయి ముక్కుకు మసి. పేరు కువలయ. ఏదో దేశపు రాకుమారి, మాంత్రికుడు ఎత్తుకొచ్చి కుంపటి రాజెయ్యడానికి పెట్టాడు. గరిటె చాటుచేసుకుని మణికేతుతో గుసగుసగా అంది:

"కింద ఏడో నేలమాళిగలో చిలక ఉంది. దానికి చలేస్తే వీడికి చలి. రోజుకో అడవి తగలేస్తున్నా దాని వణుకు తగ్గడం లేదు."

"ఎండలో పెట్టలేకపోయారా?"

"ఎండా! ఎవరైనా ఎత్తుకుపోతారని, గుడ్డులోంచి వచ్చిన రోజునుంచీ దాన్ని చీకట్లోనే దాచాడు. మీరు వెళ్లండి. తినేవాణ్ణి తినిపిస్తూ కూర్చోబెట్టడం నా పని" అని, "ఇంకొక్క గరిటె మావయ్యగారూ, నా మీద ఒట్టు!" అంటూ మాంత్రికుడి వైపు తిరిగింది. ఆ ఒక్క గరిటె పదిహేడు గుండిగలదాకా సాగింది.

మణికేతు నేలమాళిగలోకి దిగాడు. వందమంది పట్టే కుంపటి, దాని పక్కన పిడికెడు చిలక. చేతిలోకి తీసుకుంటే దాని గుండె మూకుట్లో ఆవాల్లా చిటపటలాడుతోంది. మెడ పట్టి ఒక్క మెలి తిప్పితే అన్నలు లేచొస్తారు, అడవులొస్తాయి.

"నువ్వూ చంపడానికే వచ్చావా?" అంది చిలక.

"కాదమ్మా."

"మరి నీ చెయ్యి వణుకుతోందేం?"

"భయమేస్తోంది."

"నాకూ" అంది చిలక.

ఉత్తరీయంలో చుట్టుకుని మెట్లెక్కాడు. మాంత్రికుడు చూడనే చూశాడు. "ఒరేయ్, అది ఎగిరిపోతే నేను చస్తానురా!" అని కేకవేస్తూ పరుగెత్తాడు. గొంగళ్లు కాళ్లకడ్డం పడి బోర్లాపడ్డాడు. మణికేతు ఎండలో అరచెయ్యి చాపాడు.

చిలక ఒక రెక్క విప్పింది. రెండో రెక్క విప్పింది. వణుకు ఆగింది. ఇక్కడ మాంత్రికుడి దగ్గూ ఆగింది. ఒక గొంగళి తీసేశాడు, ఇంకొకటి తీసేశాడు, ఏడూ తీసేశాడు.

"ఓరి ముసలాడా!" అని అరిచింది చిలక. "ఆకాశంలో ఇంత పెద్ద కుంపటి ఉండగా నన్ను నేలమాళిగలో పెట్టావా!"

అని రివ్వున ఎగిరింది. మాంత్రికుడు కళ్లు మూసుకున్నాడు. చిలక కోటచుట్టూ ఒక చుట్టు తిరిగి, వచ్చి అతని భుజం మీదే వాలింది. మాంత్రికుడు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఈ మాట నాకెవరూ చెప్పలేదురా పంతులూ!"

"మీరు బడికి రాలేదు కదండీ" అన్నాడు మణికేతు.

కాలకుండా మిగిలిన అడవుల్ని మాంత్రికుడు ఆ పూటే వెనక్కి పంపాడు. కాలిపోయినవాటికి బదులు చెట్టుకు రెండు మొక్కలు నాటుతానని ఒట్టేశాడు. "బొగ్గు మాత్రం మొత్తం ఇవ్వలేను నాయనా. భూదేవి లక్షల ఏళ్లు కడుపులో దాచుకున్నది. కాల్చింది పోగా మిగిలింది కాస్తే" అని తలదించుకున్నాడు.

"మిగిలింది పొదుపుగా వాడుకుంటాం. ఎండా గాలీ రేపు మళ్లీ వస్తాయి కదా" అన్నాడు మణికేతు.

దీపస్తంభాల్లోంచి అన్నలు ఒళ్లు విరుచుకుంటూ లేచారు. "ఎవర్ని నరకాలి?" అన్నాడు విజయకేతు.

"ఎవర్నీ అక్కర్లేదన్నయ్యా. వెయ్యిన్నొక్క పళ్లేలు తోమాలి."

కువలయను వెంటబెట్టుకుని ఇల్లు చేరాక, మొదటి పొద్దున బడిలో పొయ్యి వెలిగింది. కువలయే గంజి కాచింది. అచ్చి ఆబగా ఒక్క గుక్క తాగి, "అబ్బా! నాలుక కాలింది పంతులుగారూ!" అని ఊరంతా వినిపించేలా ఏడుపు లంకించుకుంది. ఎన్నాళ్లకు విన్నాడు ఆ మాట! మణికేతు గిన్నె తీసుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ, నవ్వుతూ, ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ మాఘంలోనే మణికేతుకూ కువలయకూ పెళ్లయింది. పందిరి ఎంత పెద్దదంటే, ఈ కొసన తాంబూలం అందుకున్నవాళ్లు ఆ కొసకు వెళ్లేసరికి వాళ్ల మనవలకు పెళ్లీడొచ్చింది. తరవాత రాజుగారు కిరీటం మూడోవాడికే పెట్టాడు. మణికేతు నూటపాతికేళ్లు రాజ్యం ఏలాడు. ఒక్కరోజు కూడా బడి వదలకముందు కొలువు తీరలేదు. వాళ్లు అక్కడ చల్లగా ఉన్నారు, మీరు ఇక్కడ వెచ్చగా ఉండండి.