ల్ చుక్క ఎడమకు జరిగిన కథ

ఒకప్పుడు కొరియా దేశంలో వేళ్లతో చదివే చుక్కల అక్షరాలు ఎప్పుడూ ఒకేచోట కూర్చునేవి. ఒక్కో అక్షరానికీ ఆరు పీటల గది. ఎడమ మూడు, కుడి మూడు. ‘ల్’ అనే ఒంటి చుక్కది కుడి పీట.

ఆ దేశంలో కళ్లతో చదివే రాతలో ఒక్కసారిగా పలికే రెండు మూడు అక్షరాలు గుంపుగా చేరి ఒక గూడు కట్టుకుంటాయి. ఏది ఏ గూటిదో చూడగానే తెలుస్తుంది. చుక్కలు పాపం వరసగా నడుస్తాయి, వాటి గూళ్ల మధ్య గోడలుండవు.

ఆ రోజుల్లో ఒక ఏటి దగ్గర ఒక్సూన్ అనే చూపులేని పిల్ల ఉండేది. దానికి చందమామంటే ప్రాణం. “ఇవాళ ఎక్కడున్నాడు హల్మొనీ?” అని నాయనమ్మను వేధించేది. అక్కడ నాయనమ్మను అలాగే పిలుస్తారు.

ఒక సాయంత్రం నాయనమ్మ దళసరి కాగితం మీద చుక్కలు పొడిచి, దాని చేతిలో పెట్టి, బట్టలు జాడించడానికి ఏటికి వెళ్లింది. ‘ఏటి మీద చందమామ ఉంటాడు, రా’ అని అందులో ఉంది.

ఆ భాషలో చందమామ ‘దల్’. ఉంటాడని చెప్పాలంటే వెనక ‘ఇ’ తగిలించాలి. వంతెనేమో ‘దరి’. అక్కడ ల్, ర్ రెంటికీ ఒకటే చుక్క. ఇంకేముంది, రెండు మాటలూ ఒకటైపోయాయి.

ఒక్సూన్ వేలికి వంతెన తగిలింది. సంబరంగా వెళ్లి ఏటి మీద కాలు పెట్టింది. వంతెన ఎక్కడిది? పిల్ల నీళ్లలో మునిగిపోయింది. నాయనమ్మ పరుగున వచ్చి లాగింది కాబట్టి సరిపోయింది.

“ఇంక నేను చదవను హల్మొనీ,” అంది వణుకుతూ. “చుక్కలు అబద్ధాలు చెబుతున్నాయి.”

నాయనమ్మ దానికి పొడిబట్టలు కట్టి పడుకోబెట్టింది.

ఒక్సూన్ కాగితం మీద చెయ్యి వేసుకునే నిద్రపోయింది. అరచేతి కింద చుక్కలు మెల్లగా కదిలాయి.

“నావల్లే,” అంది ల్, బిక్కమొహం వేసి. “నేను ఎవరి గూటిదాన్నో పిల్లకు తెలియలేదు.”

“కళ్లతో చదివే రాతలో మన ఇద్దరినీ విడదీస్తూ ఒక సున్న ఉంటుంది,” అంది ‘ఇ’. “ఉలుకూ పలుకూ లేని నాకు చుక్కల్లో ఏం పనని రానంది.”

“దాన్ని అని ఏం లాభం? నువ్వు నా గూటిదానివైతే నా దగ్గరికి జరుగు,” అంది ‘దల్’లోని ‘అ’.

ల్ కుడి పీట దిగి, ఎడమ పీట ఎక్కి, ‘అ’ను ఆనుకుని కూర్చుంది. అది చూసి గూటి చివరనున్న హల్లులన్నీ లేచాయి. ఎడమన చోటున్నవి ఎడమకు జరిగాయి, లేనివి ఒక మెట్టు కిందికి దిగాయి.

తెల్లారి ఒక్సూన్ వేలు ఆ మాటలో ఎడమకు జరిగిన ల్ దగ్గర ఆగిపోయింది.

“హల్మొనీ, ఇది వంతెన కాదు. చందమామ.”

“అవును తల్లీ.”

“ఇంత చిన్నగా ఉంటాడా?” అంది, వేలు తియ్యకుండా. నాయనమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు.

అప్పటినుంచే కొరియా చుక్కల్లో హల్లు గూటి మొదట ఒకచోట, చివర ఇంకోచోట కూర్చుంటుంది. ఆ తర్వాత ఆ దేశంలో ఏ పిల్లా వంతెననుకుని చందమామ మీద కాలు వెయ్యలేదు.