జడ విప్పిన సుంకులమ్మ

ఓబుళయ్య ఊరూరా తిరిగి కోలాటం నేర్పే గురువు. డెబ్బై దాటినా కర్రల మూటను తానే భుజాన వేసుకొని నడిచేవాడు. శిష్యుడు మద్దిలేటి చేయి చాపినప్పుడల్లా మూటను రెండో భుజానికి మార్చుకొనేవాడే తప్ప ఇచ్చేవాడు కాదు. ముసలాయనకు పంతం ఎక్కువని మద్దిలేటి సరిపెట్టుకున్నాడు.

ఒకనాడు మద్దిలేటి దిగులుగా అడిగాడు. "సామీ, వయసు మీద పడినాక మతి నిలవాలంటే ఏం చేయల్ల? మా అమ్మ మొన్న అక్కవాళ్లింటి నుంచి వస్తా మా వీధే మరిచిపోయింది. పెద్దాసుపత్రిలో చూపిస్తే జబ్బేమీ లేదు, వయసు అన్నారు. బాదంపప్పు నానబెట్టి పెడుతున్నా. సరస్వతాకు తినిపిస్తున్నా. అయినా జారిపోతానే ఉంది."

"పొద్దస్తమానం ఏం చేస్తుంటుంది?"

"ఏమీ చేయనీయం సామీ!" మద్దిలేటి గొంతులో గర్వం పలికింది. "చెంబెడు నీళ్లు కూడా కోడలే అందిస్తుంది. ఆ దినం నుంచి గడప దాటనీయడం లేదు. మంచం మీద మహారాణి మాదిరి కూర్చోబెట్టినాం."

ఓబుళయ్య "రేపు ఆమెను కోలాటానికి పిలుచుకొని రా" అన్నాడు.

మద్దిలేటి సొంత ఊరి ఆడవాళ్లు ఆయన దగ్గర తిరునాళ్లకు జడకోలాటం నేర్చుకుంటున్నారు. నడుమ నాటిన గుంజ పైనుంచి వేలాడే రంగు తాళ్లను పట్టుకొని, ఒకరి తాడు కింద దూరుతూ, ఇంకొకరి తాడు మీదుగా దాటుతూ, పాట సగమయ్యేసరికి వాటిని జడగా అల్లాలి. తరువాత అవే అడుగులు వెనక్కి వేస్తూ విప్పాలి. ఒక్కరు తప్పినా ముడి పడుతుంది. మద్దిలేటి తల్లి సుంకులమ్మ పడుచుతనంలో మామూలు కోలాటంలో దిట్ట. ఇది మాత్రం ఎన్నడూ ఆడి ఎరగదు.

"వచ్చిన ఆటే ఆడించు సామీ" అని మద్దిలేటి బతిమాలాడు. "అందరి ముందర తప్పితే, మా అమ్మకు మతి పోయిందని ఊరంతా ఖాయం చేస్తుంది."

"వచ్చింది ఆడితే కాళ్లకు పని. రానిది నేర్చుకోనీ."

మొదట్లో సుంకులమ్మ చిక్కు వేయని పూట లేదు. "అవ్వా, నీ తాడు నా మెడకు చుట్టినావే!" అని రంగమ్మ అనే పిల్ల అరిస్తే, "తాళి కట్టేవాడు దొరికేదాకా ఇదన్నా ఉండనీలేవే" అనేది. ఇంట్లో వసారా గుంజకు పాత చీర పేలికలు కట్టి, కోడలిని ఎదురుగా నిలబెట్టి, మళ్లీ మళ్లీ అడుగులు వేసి చూసుకొనేది. కొడుకు చేయి పట్టుకొని రావడం మొదలుపెట్టిన మనిషి, కొన్నాళ్లకు "దారి నాకు తెలుసులే, నువ్వు వెనక రా" అనసాగింది.

తిరునాళ్ల సాయంత్రం జడ నున్నగా అల్లుకుంది. విప్పేటప్పుడు మద్దెల ఒక దెబ్బ తప్పింది. రంగమ్మ తడబడింది. తాళ్లు పట్టుకొని అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు. "ముసలామె తప్పినట్టుంది" అని జనంలో ఎవరో అననే అన్నారు. మద్దిలేటి ముందుకు ఉరకబోతే గురువు రెక్క పట్టి ఆపాడు.

సుంకులమ్మ తల ఎత్తి జడను కిందినుంచి పైదాకా చూసింది.

"రంగీ, పోయేటప్పుడు నా తాడు కింద దూరినావు. వచ్చేటప్పుడూ కిందే దూరల్ల. ఒసే పచ్చతాడుదానా, అది దాటేదాకా నువ్వు కదలొద్దు. ఊఁ, కొట్టప్పా మద్దెల!"

మద్దెల అందుకుంది. జడ పాయ పాయగా విచ్చుకుంది. చివరి తాడు విడిపోగానే ఈలలతో తిరునాళ్లంతా దద్దరిల్లింది. "నీకెట్ల గుర్తుందవ్వా?" అని రంగమ్మ ముక్కున వేలేసుకుంది. "మీ కాళ్లే నేర్చుకున్నాయి. నాకు ఒక్కో అడుగూ తలకాయలో నాటుకోవాల్సి వచ్చె" అంటూ సుంకులమ్మ, ఎవరూ అడగకుండానే, ఇంకో చుట్టు ఆడింది.

మరునాడు పొరుగూరికి బయలుదేరుతూ మద్దిలేటి నవ్వు ఆపుకోలేక చెప్పాడు. "పొద్దున పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది సామీ."

"వంటింట్లోకి పోనిచ్చినారా?"

"అడ్డం పోతే గరిటె ఎత్తింది."

గురువు పకపకా నవ్వాడు. మద్దిలేటి అలవాటు కొద్దీ కర్రల మూటకు చేయి చాపి, సగంలోనే వెనక్కి తీసుకున్నాడు.

ఓబుళయ్య మూట భుజానికెత్తుకున్నాడు. "పరవాలేదురా," అన్నాడు, "నీకు కూడా మతి కుదురుతోంది."