మీటకు కట్టిన గుడ్డపేలిక

షౌకత్ బండి పరిగెత్తమంటే పరిగెడుతుంది. నిలబడమంటేనే నిలబడదు.

అది మంచు మీద నడిచే బండి. ముందు చక్రాల బదులు రెండు పలకలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా. ఒకప్పుడు టూరిస్టుల్ని మోసి మోసి మూలపడ్డ తుక్కు. షౌకత్ మూడు చలికాలాలు దాని ముందే కూర్చుని పందెం బండిగా మార్చాడు. సీటు కోసి తేలిక చేశాడు. రెండు సిలిండర్లకీ పెద్ద కార్బురేటర్లు ఎక్కించాడు. సైలెన్సర్లు తనే వంచి, తనే అతికించాడు.

తెల్లారితే నూర్‌మర్గ్ మైదానంలో పందెం. నూర్‌మర్గ్ కశ్మీరు కొండల్లో ఒక చిన్న ఊరు, ఏడాదిలో సగం మంచు కిందే ఉంటుంది. తాళ్ళు కట్టిన దారిలో రెండేసి బండ్లు పక్కపక్కన నిలబడాలి, జెండా దిగాలి, రెండు ఫర్లాంగులు దూసుకుపోవాలి. కన్ను మూసి తెరిచేంత పని.

కానీ జెండా దిగేదాకా బండి స్లోలో నిలబడాలి కదా. చిక్కంతా అక్కడే. యాక్సిలరేటర్ మీట మీంచి బొటనవేలు తీస్తే చాలు, ఇంజను వణికిపోతుంది. ఒకసారి తనంతట తనే గొంతు పెంచి అరుస్తుంది. ఇంకోసారి ఊపిరందనట్టు గుటకలు మింగి చచ్చిపోతుంది. మొన్న మైదానానికి తీసుకెళ్తే మిగతా పందెంగాళ్ళు ఒకటే నవ్వు. మంచులో తిరిగే బండికి చలిజ్వరం ఏంట్రా అని ఒకడు తన పొడుగు కోటు విప్పి దాని మీద కప్పబోయాడు.

షౌకత్ నవ్వలేదు. అతనికి ఆ పందెం నవ్వులాట కాదు.

అతను ఆ ఊరివాడు కాదు. కొండల అవతల లోయలోంచి ఒక్కడే నడిచి వచ్చి, ఊరంతా ఉస్తాద్ అని పిలిచే ఖాదిర్ జూ మెకానిక్ షెడ్డులో పనికి చేరాడు. వచ్చి ఏడేళ్ళయినా ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఉస్తాద్ షెడ్డులో ఉంటాడే, ఆ బయటివాడు, అంటారు, అంతే. రేపు గెలిస్తే తాళ్ళకి అటూ ఇటూ నిలబడ్డ జనమంతా షౌకత్, షౌకత్ అని పిలుస్తారని అతను ఎన్నిసార్లు కలగన్నాడో. ఆ కలల్లో పైనుంచి పడే మంచు కూడా ఆ పేరే అంటూ పడేది.

ఇక ఖాదిర్ జూ. ఆయన మెకానిక్కా, ఫకీరా అంటే నూర్‌మర్గ్‌లో ఎవరూ తేల్చి చెప్పలేరు. ఇంజను చెడినవాళ్ళూ ఆయన దగ్గరికే వచ్చేవారు, మనసు చెడినవాళ్ళూ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఇద్దరికీ ముందు ఉప్పు వేసిన టీ పోసేవాడు. కొందరు అది తాగి, ఏమీ బాగుచేయించుకోకుండానే కుదుటపడి వెళ్ళిపోయేవారు.

ఆ రోజు పొద్దుటి నుంచీ షౌకత్ బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఖాదిర్ జూ పొయ్యి పక్కన కూర్చుని ఏదో పాత గేరు తుడుస్తున్నాడు. ఇద్దరి మధ్యా పది అడుగుల దూరం. మధ్యాహ్నం దాకా ఒక్క మాట లేదు.

ఆ జబ్బు వెతకడానికి షౌకత్‌కి ఒక పద్ధతి ఉండేది. ఇంజను చచ్చిపోకుండా మీటని కొంచెం నొక్కిపట్టి, గుడ్డపేలికతో హ్యాండిల్‌కి కట్టేసేవాడు. అప్పుడు సీటు దిగి ముందుకొచ్చి, మూత ఎత్తి చూసేవాడు. చిత్రమేమిటంటే, మీట కట్టినంతసేపూ ఇంజను బంగారంలా మోగేది. వెతుకుదామంటే జబ్బు ఉండేది కాదు. ముడి విప్పగానే మళ్ళీ వణుకు.

ప్లగ్గులు రెండుసార్లు మార్చాడు. కార్బురేటర్లు విప్పి, సన్నటి బెజ్జాలన్నీ ఊది, కడిగి, మళ్ళీ బిగించాడు. పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. చివరికి మధ్యాహ్నం నమాజు వేళ దాటాక వచ్చి ఉస్తాద్ ముందు నిలబడ్డాడు.

“అన్నీ మార్చాను ఉస్తాద్. ఇంక మార్చడానికి నేనొక్కణ్ణే మిగిలాను.”

ఖాదిర్ జూ లేచాడు. ఇంజను వైపు చూడనైనా చూడలేదు. మీట కట్టి ఉండగా మోగుతున్న బండి హ్యాండిల్ దగ్గరికి నేరుగా వెళ్ళి, పేలిక ముడి విప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది. షెడ్డు నిండా ఒక్కసారిగా నిశ్శబ్దం. రేకుల మీద మంచు జారే చప్పుడు కూడా వినబడింది.

ఆయన ఆ పేలికని తీసుకెళ్ళి పొయ్యిలో వేశాడు. నూనె పట్టిన గుడ్డ కదా, భగ్గుమంది.

“అది లేకపోతే ఎలా ఉస్తాద్?” అన్నాడు షౌకత్. “నాకున్నవి రెండే చేతులు.”

“ఇంకో చెయ్యి తెచ్చుకో.”

“ఎవరిది?”

“ఎవరిదైనా. ఇంజను పేరు అడగదు.”

అని మళ్ళీ కూర్చుని గేరు తుడుచుకోసాగాడు.

షౌకత్ బయటికొచ్చాడు. ఎవరిదైనా అంటే సరిపోదు. చచ్చిపోబోతున్న ఇంజన్ని బొటనవేలి కొసతో ఆ అంచు మీదే నిలబెట్టగలవాడు కావాలి. ఎక్కువ నొక్కితే జబ్బు దాక్కుంటుంది, తక్కువ నొక్కితే ప్రాణం పోతుంది. అలాంటివాడు ఆ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. హిలాల్.

హిలాల్ కూడా ఒకప్పుడు ఖాదిర్ జూ శిష్యుడే. నిజానికి ఆ బండి పని ఇద్దరూ కలిసే మొదలుపెట్టారు. కానీ హిలాల్ ఊరివాడు. చూడటానికొచ్చినవాళ్ళంతా హిలాల్ బండి, హిలాల్ బండి అనేవారు. ఒకరోజు షౌకత్ అతనితో, ఇక నువ్వు రావద్దు, నేనొక్కణ్ణే చేసుకుంటాను అన్నాడు. హిలాల్ చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత సొంతంగా ఇంకో బండి కట్టుకున్నాడు. రేపటి పందెంలో అదీ ఉంది.

మైదానానికి ఆ చివర హిలాల్ ఇల్లు. షౌకత్ మోకాళ్ళ లోతు మంచులో నడిచాడు. మంచు మెల్లగా, ఎవరినో నిద్రలేపకూడదన్నట్టు పడుతోంది. ఎటు చూసినా తెలుపే. సగం దూరం వెళ్ళాక వెనక్కి తిరిగి చూస్తే తన అడుగులు అప్పుడే పూడిపోతున్నాయి. ఇటు షెడ్డూ కనబడదు, అటు ఇల్లూ కనబడదు. ఇక్కడే కూలబడిపోతే వసంతం దాకా ఎవరికీ తెలీదు కదా అనిపించింది. ఏడేళ్ళలో ఆ మాట అనుకోవడం మొదటిసారి కాదు. నిజంగా భయం వేసింది మాత్రం అప్పుడే.

దారిపొడుగునా క్షమాపణ కూర్చుకున్నాడు. మంచి మంచి మాటలు దొరికాయి. తలుపు దగ్గరికి చేరేసరికి ఒక్కటీ మిగల్లేదు.

హిలాల్ వసారాలో తన బండి పట్టా బిగిస్తున్నాడు. తలెత్తాడు.

“షౌకత్?”

“స్లో నిలబడట్లేదు. మీట పట్టుకోడానికి మనిషి కావాలి.”

హిలాల్ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. “నీ పేలిక ఏమైంది?”

“ఉస్తాద్ పొయ్యిలో వేసేశారు.”

హిలాల్ ముక్కులోంచి ఒక చిన్న నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు. టోపీ పెట్టుకుని బయల్దేరాడు. మైదానం దాటుతున్నంతసేపూ ఒకడి అడుగుల్లో ఒకడు అడుగేస్తూ వచ్చారు, మంచులో అలా నడిస్తేనే తేలిక గనక.

హిలాల్ సీటెక్కి ఇంజను లేపాడు. మీట మీద బొటనవేలు ఆనించీ ఆనించనట్టు పెట్టాడు. ఇంజను వణుకుతూ, మూలుగుతూ, చావకుండా, అరవకుండా, ఆ అంచు మీదే నిలబడింది. షౌకత్ మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గరపెట్టాడు. ఇన్నాళ్ళూ ఆ వణుకుని అంత దగ్గరగా అతను విననే లేదు. ఎడమ పక్క బాగానే ఉంది. కుడి పక్కనుంచి సన్నగా ఈల. ఎవరో పళ్ళ సందునుంచి గాలి పీల్చుకుంటున్నట్టు.

వేలికి గ్రీజు రాసుకున్నాడు. కుడి కార్బురేటర్‌ని ఇంజనుకి కలిపే రబ్బరు గొట్టం చుట్టూ మెల్లగా పూస్తూ పోయాడు. పైన ఏమీ లేదు. పక్కన ఏమీ లేదు. వేలు అడుగువైపుకి వెళ్ళగానే ఇంజను వణుకు మానేసింది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పసిపిల్లలా నిదానించింది.

వేలు తీశాడు. మళ్ళీ వణుకు. పెట్టాడు. నిదానం.

ఇంజను ఆపి, బ్యాటరీ లైటు వేసి చూశారు. బిగింపు పట్టీ కింద, కంటికి కనబడని చోట, వెంట్రుక మందాన చీలిక. అది ఎప్పుడు పడిందో షౌకత్‌కి వెంటనే తెలిసింది. పెద్ద కార్బురేటర్‌ని ఆ రబ్బరులోకి ఎక్కించేటప్పుడు ఒకరు పట్టుకోవాలి, ఒకరు నెట్టాలి. తను ఒక్కడే మోకాలితో అదిమి, స్క్రూడ్రైవర్‌తో లాగి ఎక్కించాడు.

“గ్రీజు నిలవదు,” అన్నాడు హిలాల్. “రేపు ఫుల్ రేజ్ ఇస్తే అందులోంచి ఉత్తగాలి లోపలికి పోయి పిస్టన్ కాలి పట్టేస్తుంది. బండి అక్కడే ఆగుతుంది. నువ్వు మాత్రం ఆగవు.”

కొత్త రబ్బరు కావాలంటే శ్రీనగర్ వెళ్ళాలి. దారి మంచుతో మూసుకుపోయి మూడు రోజులైంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంకొకటుంటే ఇచ్చేవాణ్ణని మాత్రం అన్నాడు హిలాల్. షౌకత్ నమ్మాడు. టీ తాగి వెళ్ళమంటే, తన బండి పట్టా బిగింపు సగంలో ఉందన్నాడు హిలాల్. గుమ్మం దగ్గర టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. తెల్లటి మైదానంలో నల్లటి చుక్కలా కాసేపు కనబడి, తర్వాత కనబడలేదు.

రేపు తాళ్ళ మధ్య షౌకత్ ఉండడు. ఆ పేరు ఎవరూ పిలవరు. అతను బండి పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి తలెత్తకుండానే అడిగాడు.

“చీలిక ఎక్కడుందో మీకు తెలుసా ఉస్తాద్?”

“తెలీదు.”

“పోనీ, మీట మీరే పట్టుకోవచ్చు కదా. పది అడుగుల దూరంలో ఉన్నారు. నన్ను అంత మంచులో అంత దూరం ఎందుకు పంపారు?”

ఖాదిర్ జూ చేతిలో గేరు పక్కన పెట్టాడు. అప్పుడు తలెత్తి గమనించాడు షౌకత్, అది ఎప్పుడో శుభ్రమైపోయిన గేరు. అసలు అది ఏ బండిదీ కాదు.

“మూడు చలికాలాలుగా పది అడుగుల దూరంలోనే ఉన్నాను, బేటా,” అన్నాడాయన. “నువ్వు పేలిక వెతుక్కున్నావు.”

షౌకత్ లేచి, చీలిన రబ్బరు తీసేయడానికి పట్టీల స్క్రూలు వదులు చేశాడు. కార్బురేటర్ ఊడి చేతిలోకొచ్చింది. పిడికిలంత వస్తువు. దాన్ని బల్ల మీద పెట్టబోయి ఆగాడు.

“ఉస్తాద్, ఇది కాస్త పట్టుకుంటారా?”

ఖాదిర్ జూ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ఆ పది అడుగులూ నడిచి వచ్చి, దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.