చప్పుడు తినే జంతువు

ఏటవాలు కొండ కింద, ఇప్పచెట్లూ టేకుచెట్లూ కలిసి పెరిగిన అడవిలో ముప్పై దుప్పుల మంద ఒకటి ఉండేది. ఆ మందకు పెద్ద అంకమ్మ. పన్నెండు వానాకాలాలు చూసిన ముసలి దుప్పి. ఆకు రాలిన చప్పుడేదో, ఆకు మీద చిరుత అడుగు పడిన చప్పుడేదో కొండ అవతల నుంచి కూడా చెప్పగలదని పేరు. ఆమె తల ఎత్తితే మంద మేత ఆపేది. ఆమె కాలు నేలకేసి కొడితే మంద పరుగెత్తేది. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పరుగెత్తిన తర్వాత వెనక్కి చూస్తే, ఎందుకో కనబడుతూనే ఉండేది.

అంకమ్మ కడగొట్టు కూతురు ముత్తేలు. ఆమెకూ పిల్లలున్నారు. అయినా మేతకు వెళ్తే తల్లి పక్కనే నడిచేది.

ఆకురాలు కాలంలో ఒక మిట్టమధ్యాహ్నం అంకమ్మ మేస్తున్నదల్లా తల ఎత్తి అలాగే నిలబడిపోయింది. నోట్లో గడ్డి నోట్లోనే ఉంది.

"అడవి ఆగిపోయింది," అంది.

ముత్తేలు చెవులు రిక్కించింది. కీచురాళ్ళు విడవకుండా అరుస్తున్నాయి. వాగు పారుతోంది. కొండ మీద నెమలి కూసింది.

"ఏం ఆగిందమ్మా?"

"అన్నీ. మొన్న కీచురాళ్ళు మానేశాయి. నిన్న పిట్టలు. ఇవాళ వాగు కూడా గొంతు తగ్గించింది. నా చిన్నప్పుడు పెద్దపులి వచ్చి కూర్చుంటే పిట్టలన్నీ ఇట్లాగే నోళ్ళు మూసుకున్నాయి. అది ఒక పూట. ఇది మూడు రోజులు. అడవి నోరు ఇంతసేపు నొక్కి పట్టుకున్నది ఏదో, అది చాలా పెద్దదే."

ముత్తేలు వెన్ను మీద వెంట్రుకలు లేచాయి. అమ్మ మాట ఇంతవరకు తప్పింది లేదు. మరి తనకు వినిపిస్తున్న కీచురాళ్ళేమిటి?

సాయంత్రానికి ఆ మాట మందంతా పాకింది. మర్నాడు అంకమ్మ మందను వాగు దాటించి వెదురు పొదల్లోకి తీసుకుపోయింది. అక్కడ ఓ గంట నిలబడి, "ఇక్కడికీ వచ్చింది," అంది. అక్కడి నుంచి కొండ వెనక బయలుకు. అక్కడా అదే మాట. అది తమతోపాటే నడుస్తోందని అందరికీ అర్థమైంది. దానికి అడుగుల గుర్తులు లేవు, వాసన లేదు. పిల్లలు తల్లుల పొట్టకింద నుంచి బయటికి రావడం మానేశాయి. పాలు తగ్గాయి. బుడ్డన్న అనే కొమ్ముల దుప్పి ఒక పొద్దున ముత్తేలు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"నీకు పిట్టలు వినబడుతున్నాయా?"

"వినబడుతున్నాయి బాబాయ్."

"నాకూ వినబడుతున్నాయి. అవి నిజంగా పిట్టలేనా, లేక పిట్టల్లాగా ఇంకేదైనా కూస్తోందా అని రాత్రంతా ఆలోచించాను."

అది విన్నాక ముత్తేలుకు తన పిల్లల గొంతు విన్నా భయమే వేసింది.

ఐదో రోజున తల్లీకూతుళ్ళు ఎండిన మద్దిచెట్టు కింద నిలబడి ఉన్నారు. చెట్టు మీద వడ్రంగిపిట్ట టకటకా మాను పొడుస్తోంది. పొట్టు ముత్తేలు మొహం మీద రాలుతోంది. అంకమ్మ తల ఎత్తి దాన్నే చూస్తూ ఉంది.

"అటు చూడవే. పిట్ట ముక్కు ఆడుతోంది. చప్పుడు రావడం లేదు. దాని గొంతులోంచీ ముక్కులోంచీ కూడా తీసేసింది," అంది.

ముత్తేలు పిట్టను చూసింది, తల్లిని చూసింది. అడవిలో ఏ జంతువూ లేదని ఆ క్షణంలో ఆమెకు తెలిసింది. తెలిసినందుకు తేలికపడలేదు. ఇన్నాళ్ళూ ముప్పై ప్రాణాలు ఆ రెండు చెవుల వెనక నిద్రపోయాయి.

నిర్ధారణ కోసం వాగు దగ్గర వెనక నిలబడి "అమ్మా" అని మూడుసార్లు పిలిచింది. అంకమ్మ నీళ్ళు తాగుతూనే ఉంది. నాలుగోసారి దగ్గరికి వచ్చేసరికి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"దొంగలా వస్తావేమే?"

భయంలో ఉన్నవాళ్ళు మాట చూసుకోరు. ముత్తేలు మంద అంతా వినేలా గట్టిగా అనేసింది. "అడవికి ఏమీ కాలేదమ్మా. నీకే చెవులు పోయాయి."

వాగు ఒడ్డున మేస్తున్న తలలన్నీ లేచాయి. అంకమ్మకు ఆ మాట ఎంతవరకు వినబడిందో కాని, కూతురి మొహం, చుట్టూ ఉన్న మొహాలు చూస్తే చాలు, మిగతాది తెలుస్తుంది.

"ఈ చెవుల మీదే కదే నువ్వు పెరిగావు," అంది. తిరిగి ఒక్కతే గట్టెక్కి వెళ్ళిపోయింది. 

అవతలి గట్టు మీద తుప్పల్లో కోటయ్య నక్క అంతా విన్నాడు. చిరుత తిని వదిలిన దాని మీద బతికేవాడు. మర్నాడు మధ్యాహ్నం అంకమ్మ ఒంటరిగా మేస్తుంటే, ఎండిన టేకాకుల మీద కరకరమని నడుచుకుంటూ వెనక నుంచి వచ్చాడు. తోక వాసన చూసేంత దగ్గరకు వచ్చాడు. ఆమె తిరగలేదు. అక్కడ కాసేపు నిలబడ్డాడు. తర్వాత చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, తల వంచి, మొహంలో మొహం పెట్టి, స్పష్టంగా, నిదానంగా మాట్లాడాడు.

"అంకమ్మత్తా, నువ్వు చెప్పిన జంతువును నేను చూశాను."

అంకమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఎన్నో రోజుల తర్వాత ఒక మాట మొదలు నుంచి చివరిదాకా ఆమెకు అందింది.

"ఎట్లా ఉంటుంది?"

"ఉండదత్తా. చప్పుడు తింటుంది. ముందు అడవి చప్పుడు తింటుంది, తర్వాత లోపలికి దూరుతుంది. దూరిన వాళ్ళని గుర్తుపట్టడం సులువు. మాకు అన్నీ వినబడుతున్నాయంటారు."

అంకమ్మకు కూతురు గుర్తొచ్చింది.

"ఎవరైనా అన్నారా అత్తా, అట్లా?"

"మా ముత్తేలు."

"అయ్యో," అన్నాడు కోటయ్య. "సరే, పిల్లలనైనా కాపాడుకో. అటు కొండ సందులో రాతికనుమ ఉందే, దానిలోకి రావడం దాని వల్ల కాదు. కనుమ దాటితే పచ్చిక. ఎల్లుండి పొద్దున మందను తీసుకురా. నేను వెనక ఉండి కాపలా కాస్తాను."

ఇదంతా దూరం నుంచి ముత్తేలు చూసింది. మాటలు వినబడలేదు. నక్క ఎదురుగా నిలబడిన తీరు చూసింది, మెల్లగా కదిలే నోరు చూసింది, అమ్మ తల ఊపడం చూసింది. తానేమో వెనక నుంచి అరిచింది. అంతమందిలో అరిచింది. సిగ్గుతో ఆమె మెడ వాలిపోయింది.

ఆ సాయంత్రం అంకమ్మ మందకు చెప్పింది, ఎల్లుండి కనుమ దాటుతున్నామని. సగం మంద అప్పుడే బయలుదేరేలా ఉంది.

మర్నాడు ఎండ ఎక్కాక అంకమ్మ మద్దిచెట్టు నీడలో పడుకుంది. ముత్తేలు వెనక నుంచి రాలేదు. దూరంగా ఎదురుగా నిలబడి, తల్లి చూసేదాకా ఆగింది. చూశాక వచ్చి, దూడప్పటిలాగా గడ్డం తల్లి ముంగాళ్ళ మీద ఆనించి పడుకుంది. అంకమ్మ బిగుసుకుపోయింది గాని లేవలేదు.

"అమ్మా, మొట్టమొదట ఏది వినబడటం మానేసింది?" ముత్తేలు గొంతు కిందికి దింపి, నిదానంగా అడిగింది.

అంకమ్మ కూతురి నోటి కదలికనే చూసింది. "నీ చిన్నదాని పిలుపు," అంది. "పోయిన వానాకాలమే. అది నన్ను పిలవడం మానేసిందనుకున్నాను. నా మీద కోపమనుకున్నాను."

"రోజూ పిలుస్తుందమ్మా."

అంకమ్మ మొహం తిప్పుకుంది. ముత్తేలు ఆమె మళ్ళీ ఇటు తిరిగేదాకా ఆగింది.

"మొన్న అందరిలో అట్లా అనడం నాదే తప్పు. భయపడ్డాను. ఇప్పుడు ఒక్క పని చెయ్యమ్మా. నేను చెప్పింది నమ్మొద్దు. లేచి నీ దవడ ఈ మానుకు ఆనించు."

పైన వడ్రంగిపిట్ట పని మీదే ఉంది. అంకమ్మ లేచి దవడ ఆనించింది. పిట్ట ముక్కు కదిలినప్పుడల్లా ఎముకలో టక్కుమంది. పిట్ట ఆగింది, ఎముకా ఆగింది. పిట్ట మొదలుపెట్టింది, ఎముకలో మళ్ళీ మొదలైంది. అంకమ్మ దవడ తీసింది. అడవి చచ్చినట్టుంది. మళ్ళీ ఆనించింది. టక్కు, టక్కు.

అలా ఎన్నిసార్లు చేసిందో. ఆఖరికి మానుకు దవడ ఆనించే కళ్ళు మూసుకుంది.

"కొడుతూనే ఉంది," అంది.

"కొడుతూనే ఉందమ్మా."

"జంతువైతే బాగుండేది. పరుగెత్తి తప్పించుకునేదాన్ని."

ముత్తేలు తల్లి మెడ నాకుతూ నిలబడింది. కాసేపటికి అంకమ్మ తల ఎత్తింది. ఆ చూపు ముత్తేలుకు తెలుసు, మందను నడిపేటప్పటి చూపు.

"లేని జంతువును కోటయ్య చూశానన్నాడు," అంది.

"ఏమన్నాడమ్మా?"

అంకమ్మ అంతా చెప్పింది, వినబడుతోందనేవాళ్ళలో అది దూరిందన్న మాటతో సహా. ముత్తేలుకు అప్పుడు అర్థమైంది. నమ్మి ఉంటే అమ్మ తనను వదిలేసి, మందను తీసుకుని ఎటో వెళ్ళిపోయేది.

"వాడు చిరుత ఎంగిలి మీద బతికేవాడు. అయితే కనుమలో చిరుత ఉంది. వెళ్ళొద్దని చెప్పేద్దాం."

"చెబితే ఎవరాగుతారే? ఆ భయం నేనే పెట్టాను వాళ్ళకి. రేపు నేను వద్దంటే, నన్ను కూడా అది తినేసిందని నక్క చెబుతాడు, వాళ్ళు నక్క వెనక పోతారు. వాళ్ళు కళ్ళారా చూడాలి. నువ్వు నా కుడిపక్క ఉండు. నాకు వినబడనిది వినబడితే భుజంతో పొడువు."

పొద్దున్నే మంద కనుమ దగ్గరికి చేరింది. రెండు వైపులా నల్లరాతి గోడలు, మధ్య మోకాలి లోతు ఎండుటాకులు. గాలి కూడా లేదు. కోటయ్య ఎదురొచ్చాడు.

"నడువత్తా. నేను వెనక వస్తాను."

"వెనక ఉంటే నీ మాట నాకు వినబడదు కోటయ్యా. నా చెవులు పోయాయి," అంది అంకమ్మ, మందంతా వినేలా. దుప్పులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. "ముందు నడువు. ఆ మలుపు దాకా వెళ్ళి, దారి బాగుంటే తోక ఊపు. నాకు కనబడితే చాలు."

కోటయ్య మందను చూశాడు. ముప్పై జతల కళ్ళు తన మీదే ఉన్నాయి. కాదంటే ఎందుకని అడుగుతారు. నవ్వి, ముందుకు నడిచాడు. ఆకులు కరకరమన్నాయి. అంకమ్మ, ముత్తేలు పది అడుగులు వేసి ఆగారు. మిగతా మంద కనుమ బయటే నిలబడింది.

మలుపు దగ్గర రాతి వెనక మూడు రోజులుగా ఆకలితో ఉన్న చిరుత పొంచి ఉంది. తల ఎత్తితే మంద చూస్తుందని, ఆకుల చప్పుడును బట్టి దూకమని కోటయ్యే చెప్పి పెట్టాడు. ఇప్పుడు ఆ చప్పుడు తనది. అతను నడక తగ్గించి, పెదవులు కదలకుండా అన్నాడు. "చిరుతన్నా, ఆగు. ఇది నేను. నీవి వెనక ఉన్నాయి. ముసల్దానికి చెముడు."

ముత్తేలుకు ప్రతి మాటా వినబడింది. భుజంతో తల్లిని పొడిచింది.

అంకమ్మ ముంగాలు ఎత్తి రాతి మీద కొట్టింది. ఆ దెబ్బ కనుమంతా మోగింది. మంద ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. తల్లీకూతుళ్ళు బయటికి దూకారు. కోటయ్య కూడా పరుగెత్తాడు, ఎండుటాకుల మీద, దడదడా. చిరుతకు ఆ చప్పుడు చాలింది.

గట్టెక్కి అంకమ్మ వెనక్కి చూసింది. రాతిగోడల మధ్య ఏదో పసుపు రంగు మెరిసింది. నక్క నోరు పూర్తిగా తెరుచుకుంది, అలాగే తెరుచుకుని ఉంది. ఆమెకు ఏమీ వినబడలేదు. మిగతా దుప్పులన్నీ చెవులు వెనక్కి మడుచుకుని వణుకుతున్నాయి.

"అరుస్తున్నాడా?" అని అడిగింది.

ముత్తేలు ఎదురుగా వచ్చి చెప్పింది. "అరుస్తున్నాడమ్మా." కాసేపాగి, "ఆపేశాడు," అంది.

ఆ మధ్యాహ్నం అంకమ్మ మందను పిలిచి కూర్చోబెట్టింది. ఏ జంతువూ లేదని, వయసుతో తన చెవులు పోతున్నాయని, ఇకమీదట తనతో ఎవరు మాట్లాడినా ఎదురుగా వచ్చి నిదానంగా మాట్లాడాలని చెప్పింది. మంద ఎటు వెళ్ళాలో తాను చెబుతుంది, ఎప్పుడు ఆగాలో ముత్తేలు చెబుతుంది. బుడ్డన్న తల ఊపాడు. ముత్తేలు చిన్నకూతురు వచ్చి అమ్మమ్మ ముక్కు కింద నిలబడి ఏదో అంది. అంకమ్మ మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పింది.

కోటయ్య మాత్రం ఎవరికీ వినబడదనుకుని అన్న ఒక్క మాటకు, ఎదుటివాళ్ళ కోసం ఎంచిన కనుమలోనే తోక తప్ప ఏమీ మిగలకుండా పోయాడు.

నీతి: వినికిడి తగ్గిన పెద్దల ఎదుట కూర్చుని, ఓపికగా నిజం చెప్పాల్సింది సొంతవాళ్ళే, వాళ్ళు చెప్పకపోతే ఆ చోట అబద్ధం వచ్చి కూర్చుంటుంది.