మడచెట్టు వేళ్లు పైకెందుకొచ్చాయి

ఒకప్పుడు మడచెట్లకి కూడా వేళ్లు నేలలోపలే ఉండేవి, మన మామిడిచెట్టుకీ వేపచెట్టుకీ ఉన్నట్టే. పైకి ఒక్క వేరు కూడా కనపడేది కాదు. ఏరు వచ్చి సముద్రంలో కలిసేచోట పెద్ద మడ అడవి ఉండేది. దాని కిందంతా బురద. నల్లగా, చల్లగా, ఎప్పుడు చూసినా ఆకలిగా ఉండేది.

ఆ బురదకి నోరుంది కానీ సొంత గొంతు లేదర్రా. అడవిలో ఎవరైనా ఎవరినైనా పేరుపెట్టి పిలిస్తే చాలు, ఆ గొంతూ ఆ పేరూ రెండూ పట్టేసుకునేది. తర్వాత అదే గొంతుతో అదే పేరు పిలిచేది. విని వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. అందుకే పీతలు పట్టేవాళ్లు అడవిలో పేర్లు పలికేవారు కాదు. ఒకళ్లు "ఓహోయ్" అంటే ఇంకొకళ్లు "ఓహోయ్" అనేవారు, అంతే. కన్నతల్లయినా సరే, అలాగే పిలవాలి.

ఒకనాడు పొద్దున్నే కాసులమ్మ అనే ఆవిడ కూతురు నూకరత్నాన్ని వెంటబెట్టుకుని పీతలకి వెళ్లింది. పిల్లకి తొమ్మిదేళ్లు, ఒకచోట కాలు నిలవదు. తల్లి కొక్కెంతో కన్నాలు కెలుకుతుంటే, ఇది ఒక ఎర్రపీత వెంటపడి చెట్లచాటుకి పోయింది.

ఇంతలో సముద్రం పోటెక్కింది. నీళ్లు కాలవల్లోకి పాకుతున్నాయి. కాసులమ్మ తలెత్తి చూస్తే పిల్ల లేదు.

"ఓహోయ్!" అంది. బదులు లేదు.

మళ్లీ "ఓహోయ్!" అంది. ఊహూ. ఇంక తల్లిప్రాణం ఆగుతుందా?

"నూకరత్నం!" అని కేకేసింది.

అరవగానే నాలిక్కరుచుకుంది. ఏం లాభం? కొంగలు కూతలు ఆపేశాయి. ఆకు కదల్లేదు. అప్పుడు అడవి లోపల్నుంచి, మెల్లిగా, ముద్దుగా, కాసులమ్మ గొంతే వినపడింది.

"నూకరత్నం... ఇటు రావే నా తల్లీ."

మీ గొంతు మీకే అవతలనుంచి వినపడితే ఎలా ఉంటుందో చెప్పండి చూద్దాం! నాకైతే తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కాసులమ్మ పడుతూ లేస్తూ పరుగెత్తింది. "వెళ్లకే! అది నేను కాదే!" అని అరిచింది.

"అది నేను కాదే! నేనిక్కడున్నానే!" అంది బురద, అచ్చం అదే గొంతుతో. పాపం, ఆ పిల్ల ఏ అమ్మని నమ్ముతుంది?

తల్లి చేరేసరికి పిల్ల నడుందాకా దిగిపోయింది. అడుగేస్తే కాసులమ్మా మునిగిపోయేదే. పిల్ల ఏడవడం కూడా లేదు. కిందికి చూస్తూ, "అమ్మా, నీ చెయ్యేదీ?" అంటోంది.

"ఇక్కడే ఉందమ్మా. ఇంకొంచెం కిందికి రా," అంది బురద.

కాసులమ్మ పక్కనున్న ముసలి మడచెట్టుని వాటేసుకుంది. "చెట్టుతల్లీ, నీ వేళ్లు నా పిల్ల కాళ్లకిందే ఉన్నాయి. కాస్త పైకి తొయ్యి!"

"నావల్ల కాదమ్మా," అంది చెట్టు గుసగుసగా. "నాకు తిండీ ఊపిరీ ఇచ్చేది ఈ బురదే. దానికి కోపమొస్తే నా బతుకేం కాను?"

"నీకూ అదంటే భయమే కదే! చెట్లన్నీ గింజలు రాల్చేసి ఊరుకుంటాయి. నువ్వు మాత్రం నీ గింజని మొలకెత్తేదాకా చంక దింపవు. ఎందుకూ? దీని నోట్లో పడుతుందనేగా?"

చెట్టు కొమ్మలకి వేలాడుతున్న మొలకలు వణికాయి. పిల్ల గడ్డందాకా దిగిపోయింది.

అప్పుడు కింద ఏదో కదిలింది. ఒక్క చెట్టు కాదు, అడవి అడవంతా వేళ్లు విదిల్చింది. బురదని చీల్చుకుని వేలకివేల వేళ్లు నిటారుగా పైకి లేచాయి. పిల్లని ఎత్తి తల్లి ఒళ్లో పడేశాయి.

"నాకే ద్రోహం చేస్తారా?" అని బురద అరిచింది. ఇంకా కాసులమ్మ గొంతుతోనే అరిచింది. "ఇక నాలో మీకు ఊపిరి లేదు పొండి!"

నూకరత్నం బతికింది. కానీ అమ్మ పిలిస్తే మాత్రం పలికేది కాదు. బిక్కచచ్చిపోయి ఉన్నచోటే నిలబడిపోయేది. పిలవడం మానేసి కాసులమ్మే దగ్గరికెళ్లి బుగ్గ నిమిరేది. అప్పుడు గానీ "అమ్మా" అనేది కాదు.

అప్పటినుంచే మడచెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటాయి. పోటుకి మునుగుతాయి, నీళ్లు తీస్తే తేలతాయి. ఒక్క వేరు కూడా మళ్లీ లోపలికి వంగలేదు.