ఫిలిం మీద అప్పలకొండ వేళ్ళు

సర్వోత్తమం మాస్టారికి ఒక అలవాటుంది. తాను కూరుస్తున్న విజ్ఞానశాస్త్ర నిఘంటువులో చేపట్టిన క్రియ తేలేదాకా కుర్చీలోంచి లేవరు. భోజనం మాటెత్తితే విసుక్కుంటారు. ఇంగ్లీషు మాట పక్కన చైనా మాట, దాని పక్కన తెలుగు మాట. జీవశాస్త్రానికొక గడి, భౌతికశాస్త్రానికొక గడి. ఆ పనిలో సాయపడే శిష్యురాలు యశోధర ఆ రోజు ‘అబ్సార్బ్’ దగ్గర ఆగిపోయింది.

“మాస్టారూ, వేరు నీళ్ళను పీల్చుకున్నా, సీసం కిరణాలను పీల్చుకున్నా చైనావాళ్ళు 吸收, షీషౌ అనే అంటున్నారు. ప్రాణమున్నదాన్నీ లేనిదాన్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలాగండీ? మనం మధ్యలో గీత గీసేద్దాం. దేని మాట దానిది.”

మాస్టారు వాదించలేదు. బీరువాలోంచి ఒక పాత ఎక్స్‌రే ఫిలిం తీసి కిటికీ అద్దానికి ఆనించారు. అందులో పసిబిడ్డ ఛాతీ ఉంది. చంకల కింద రెండు వైపులా ఎవరో పెద్దవాడి వేళ్ళ ఎముకలు కనిపిస్తున్నాయి.

“మా పెద్దమ్మాయిది. న్యుమోనియా వచ్చింది, బతికింది. తెల్లగా ఉన్నచోటల్లా ఎముక కిరణాలను పీల్చుకుంది. ఆ వేళ్ళు అప్పలకొండవి,” అన్నారు.

అప్పలకొండ అప్పట్లో మాస్టారి ఊరి ఆస్పత్రిలో ఎక్స్‌రే గది అటెండరు. పసివాళ్ళు కదిలితే ఫిలిం చెడిపోతుంది, ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవాలి. గదిలో సీసపు ఏప్రన్ ఒక్కటే ఉండేది, చేతి తొడుగులు లేవు. తల్లో తండ్రో పట్టుకోవాలన్నది నియమం. అప్పలకొండ ఒప్పుకునేవాడు కాడు. ఏప్రన్ తల్లికి కట్టి, ఆమెను గోడవార నిలబెట్టి, బిడ్డను తనే పట్టుకునేవాడు. మాస్టారి భార్యతోనూ అదే అన్నాడు: “నువ్వు సిన్నదానివమ్మా, ఇంకా పిల్లల్ని కనాల. నాకేటవుద్ది? సురుక్కుమని కూడా అనదు.”

చురుక్కుమంటే ఎవడైనా చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. అనకపోవడమే ఆ పాడు కిరణాల మోసం. కొన్నేళ్ళకు అతని వేళ్ళ చర్మం ఎండి పగిలింది, పుండు పడింది, మానలేదు. కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ పిల్లల్నే పట్టుకున్నాడు. మొదట వేళ్ళు తీసేశారు, తర్వాత చెయ్యి. అప్పటికే చంకలోకి పాకిన కాన్సరు మనిషినే తీసుకుపోయింది.

యశోధర కలం అందుకుంది. మాస్టారు ఫిలిం కిందికి దించలేదు.

“ఇక్కడిదాకా భౌతికశాస్త్రం, ఇక్కణ్ణుంచి జీవశాస్త్రం అని గీత గీస్తానన్నావుగా. ఆ వేళ్ళ మీద ఎక్కడ గీస్తావో గియ్యమ్మా,” అన్నారు.